హైదరాబాద్ ఎండల్లో చల్లటి చోటు వెతుక్కోవడం ఎలా: ఒక్కో గంటకు ఒక్కో నీడ

మే నెలలో సాయంత్రం నాలుగింటికి మా పై అంతస్తు గదిలో గోడకు వీపు ఆనించి కూర్చోలేం. బయట ఎండ తగ్గుముఖం పడుతున్నా, పొద్దుటినుంచి కాగిన శ్లాబు అప్పుడే లోపలికి వేడి వదలడం మొదలుపెడుతుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. మూడేళ్ల క్రితం వేసవిలో ఊరి నుంచి వచ్చిన మా అమ్మ రెండు రోజులు ఆ గదిలో ఓర్చుకుని, మూడో రోజు పొద్దున్నే అడిగింది: "ఇంత పెద్ద ఊళ్లో కాసేపు చల్లగా కూర్చునే చోటే లేదా నాన్నా?"

మా ఊళ్లో ఆ ప్రశ్నే పుట్టదు. పెంకుటిల్లు, వాకిట్లో వేపచెట్టు, వసారాలో నులక మంచం ఉంటాయి కదా. హైదరాబాద్‌లో దానికి జవాబు వెతకడానికి నాకు ఒక వేసవి పట్టింది. ఏసీ ఉన్న చోటు కోసమే వెతికినన్నాళ్లూ మాల్స్ తప్ప మరేవీ తోచలేదు. రోజంతా చల్లగా ఉండే ఒకే చోటు కోసం వెతకడం మానేసి, ఏ గంటకు ఏ చోటు చల్లగా ఉంటుందో చూడటం మొదలుపెట్టాక ఊరంతా కొత్తగా కనిపించింది. పొద్దున చల్లగా ఉన్న పార్కు పన్నెండింటికి కొలిమి అవుతుంది. మధ్యాహ్నం అడుగు పెట్టలేని గుట్ట, రాత్రి ఏడింటికి గాలి మేడ అవుతుంది. ఈ వరసను పట్టుకుంటే పెద్దగా ఖర్చు లేకుండా రోజు గడిచిపోతుంది.

మొదటి అడుగు: ఆ రోజు వేడి ఎలాంటిదో తెలుసుకోండి

ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న దక్కన్ పీఠభూమి మీది ఊరు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి చాలా రోజులు పొడిగా ఉంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు చెమట వెంటనే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. అందుకే అలాంటి రోజున దట్టమైన నీడ దొరికితే చాలు, ప్రాణం లేచి వస్తుంది. ఎయిర్ కూలర్లు, కుండలో నీళ్లు, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికలు ఈ ఊళ్లో బాగా పనిచేయడానికి కారణం కూడా ఆ పొడిగాలే.

కానీ మే నెలలోనే కొన్ని మధ్యాహ్నాలు మబ్బులు కమ్ముతాయి. సాయంత్రానికి గాలివాన రావచ్చు, రాకపోవచ్చు. ఆ రోజున అంకె రెండు డిగ్రీలు తక్కువ చూపినా ఉక్కపోత ప్రాణం తీస్తుంది. చెమట ఆరదు, కూలర్ పెడితే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. అలాంటి రోజుకు చెట్టు నీడ చాలదు. గాలి బాగా ఆడే చోటో, ఏసీ ఉన్న చోటో కావాలి. పొద్దున ఆకాశం నిర్మలంగా ఉండి పెదవులు ఎండిపోతుంటే పొడి రోజని, లేచిన వెంటనే మెడ జిడ్డుగా ఉంటే ఉక్క రోజని నేను లెక్క వేసుకుంటాను.

వాతావరణ శాఖ హెచ్చరికల రంగులు కూడా చూడండి. పసుపు రంగంటే జాగ్రత్తగా ఉండమని. నారింజ రంగంటే వడగాడ్పులకు సిద్ధపడి, పనులు మార్చుకోమని. ఎరుపు రంగు వచ్చిన రోజున ఈ వ్యాసంలోని మధ్యాహ్నపు ప్రయాణాలన్నీ మానేయండి. పొద్దున తొమ్మిదిలోపే ఒక చల్లటి కట్టడంలోకి చేరి, సాయంత్రం దాకా అక్కడే ఉండిపోవడం మంచిది.

ఫ్యాను గురించి ఒక మాట. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, ఇంకా కాస్తుంది. ఆ సమయంలో తడి తువ్వాలు మెడ మీద, చేతుల మీద వేసుకుని గాలి తగిలేలా కూర్చుంటే ఉపశమనం ఉంటుంది.

రెండో అడుగు: నీడ ఎటు పడుతుందో లెక్క వేయండి

దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఏటా మే 9వ తేదీ ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో ఇదే జరుగుతుంది. దీన్ని నీడలేని రోజు అంటారు. మే మొదటి నుంచి ఆ నెలంతా మిట్టమధ్యాహ్నం గోడ పక్కన నీడ జానెడు కూడా ఉండదు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా గోడల పక్కన వెతకడం వృథా. పైన కప్పో కొమ్మలో ఉంటేనే నీడ ఉన్నట్టు.

ఆ రెండు తేదీల మధ్య నడిమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు. కాబట్టి ఉత్తరపు గోడ ఎప్పుడూ చల్లగా ఉంటుందన్న మాట ఈ నెలల్లో చెల్లదు.

వీధుల సంగతి తేలిక. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పొద్దున తూర్పు వైపు ఫుట్‌పాత్ మీద, రెండు దాటాక పడమటి వైపు నడవండి. బస్సులో సీటుకూ ఇదే లెక్క. పొద్దున పదింటికి సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు వస్తున్నారనుకోండి, ఎడమ కిటికీల మీద ఎండ పడుతుంది, కుడివైపు కూర్చోవాలి.

మూడో అడుగు: పొద్దున తొమ్మిదిన్నర దాకా చెట్ల కింద

పార్కులన్నీ ఒకటి కావు. పచ్చిక, పూలమొక్కలు, అలంకారం కోసం పెట్టిన తాటి జాతి చెట్లు ఉన్న పార్కు ఫొటోలో బాగుంటుంది కానీ నీడనివ్వదు. కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోయిన పాత చెట్లున్న చోటు కావాలి. నా లెక్కలో మొదటి స్థానం నిద్రగన్నేరుది. గొడుగులా పరుచుకుంటుంది, ఒక్క చెట్టు కింద పెళ్లి పందిరంత నీడ. తరువాత చింత, మర్రి, రావి, వేప, కానుగ. మే నెలలో ఎర్రగా విరగబూసే తురాయి కంటికి ఎంత అందమో, నీడకు అంత పలచన. చెట్టు కింద చల్లగా ఉండేది ఎండ అడ్డం వల్లే కాదు. వేళ్ల నుంచి తెచ్చుకున్న నీటిని ఆకులు ఆవిరిగా వదులుతాయి, ఆ ఆవిరి చుట్టూ ఉన్న గాలి వేడిని కొంత లాక్కుంటుంది. రేకుల షెడ్డు నీడకూ చింత నీడకూ ఉన్న తేడా అదే.

జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఊరి నడుమ మిగిలిన అసలైన అడవి ముక్క. దాదాపు 390 ఎకరాలు. పొద్దునా సాయంత్రమే తెరుస్తారు, మధ్యాహ్నం మూసేస్తారు. ఆరింటికి వెళ్తే నెమళ్ల కేకలు వినబడతాయి. అయితే ఈ అడవి మే నెలలో చాలావరకు ఆకు రాలి ఉంటుంది. పేరు చూసి దట్టమైన నీడ ఆశించి వెళ్లకండి, పొద్దుటి గాలి కోసం వెళ్లండి. నీడ కోసమైతే దోమలగూడలోని ఇందిరా పార్కు, నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్, ఉస్మానియా విశ్వవిద్యాలయం లోపలి రోడ్లు మేలు. పబ్లిక్ గార్డెన్స్‌ను పాతవాళ్లు ఇప్పటికీ బాగే ఆమ్ అంటారు. అక్కడ రెండు పనులు కలిసివస్తాయి. తొమ్మిదిన్నర దాకా చెట్ల కింద కూర్చుని, అదే ఆవరణలో ఉన్న మ్యూజియం తెరవగానే లోపలికి వెళ్లిపోవచ్చు.

చింతచెట్టు అన్నాను కాబట్టి ఒక ముచ్చట. 1908లో మూసీకి వచ్చిన మహా వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. రోడ్డు వెడల్పు చేయడానికి చింతలు నరుకుతున్నప్పుడల్లా నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

నాలుగో అడుగు: పది నుంచి అయిదు దాకా మందపాటి గోడల వెనక

రోజులో అసలు కష్టం ఈ ఏడు గంటలే. మన దగ్గర వేడి పతాక స్థాయికి చేరేది పన్నెండింటికి కాదు, మూడు నాలుగు గంటల మధ్య. ఒంటిగంటకు బయటికి వచ్చి "ఇంకెంత, ఎండ దిగుతుందిలే" అనుకుని తిరగడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు.

పాత హైదరాబాద్ కట్టడాలు డంగు సున్నంతో కట్టినవి. మూరెడు, రెండు మూరల మందం గోడలు. బయటి ఎండ ఆ గోడలోంచి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది, అప్పటికి కిటికీలు తెరిచి ఉంచితే వచ్చిన వేడి వచ్చినట్టే పోతుంది. కప్పు ఎంతో ఎత్తున ఉండటంతో వేడి గాలి మనుషుల తలల మీద కాకుండా పైన నిలుస్తుంది, అక్కడి వెంటిలేటర్ల గుండా బయటపడుతుంది. మా గది శ్లాబు ఇందుకు పూర్తిగా తలకిందులు. గోడ సన్నం, కప్పు తక్కువ ఎత్తు, పైన అడ్డమంటూ ఏదీ లేదు.

ఇలాంటి గోడల వెనక నేను ఎక్కువ గంటలు గడిపింది అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టింది. ఇప్పుడున్న భవనం మూసీ ఒడ్డున 1930లలో కట్టినది. ఎత్తయిన హాలు, పొడవాటి బల్లలు, పాత కాగితం వాసన. బయట బస్సుల హారన్లు ఎక్కడో దూరాన వినిపిస్తున్నట్టు ఉంటాయి. అమ్మను అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఆమె వారపత్రికలు చదువుతూ మూడు గంటలు కూర్చుంది. లేచేటప్పుడు, "ఇక్కడ గాలి మన పాత ఇంటి వసారాలో గాలిలా ఉంది" అన్నది. గ్రంథాలయంలో చదువుకునేవాళ్లకు మొదటి హక్కు అని మరిచిపోవద్దు. మాట్లాడుకోవడానికి, నిద్రపోవడానికి అది చోటు కాదు. పత్రికో పుస్తకమో చేతిలో పట్టుకుంటే మీరెంతసేపు కూర్చున్నా ఎవరూ అడగరు.

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఇంటికి దగ్గరైనా నేను తక్కువగా వెళ్తాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటుంది, వాళ్ల కుర్చీ మనం తీసుకోకూడదు. సుల్తాన్‌బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు చదువరులు ఒక్కసారైనా చూడవలసిన చోటు. అక్కడికి చలువ కోసం వెళ్లినా మిగిలేది పుస్తకమే.

ఇక మ్యూజియాలు. సాలార్‌జంగ్ మ్యూజియం పది నుంచి అయిదు దాకా, శుక్రవారం సెలవు. ఒక్కరోజులో అంతా చూసేయాలని పరుగెత్తడం అక్కడ అందరూ చేసే పొరపాటు. వేసవి రోజున వెళ్లేది చల్లగా గడపడానికి కాబట్టి మూడు నాలుగు గదులు ఎంచుకుని నిదానంగా చూడండి. మేలి ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర కాస్త పక్కకు జరిగి నిలబడితే రాతిలో చెక్కిన ముసుగు నిజంగా పలచని బట్టలా కనిపిస్తుంది. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాయి అది. గంటలు కొట్టే గడియారం ఎదుట కూర్చోవడానికి వీలుంది. పన్నెండింటికి బొమ్మ వచ్చి పన్నెండు దెబ్బలు కొడుతుందని జనం ముందే చేరిపోతారు, పిల్లలుంటే ఆ సమయానికి అక్కడ ఉండేలా చూసుకోండి.

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం 1930 నాటిది. జనం తక్కువ. ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం ఇదే. చౌమహల్లా ప్యాలెస్‌లో పంతొమ్మిది షాండ్లియర్లు వేలాడే ఖిల్వత్ ముబారక్ హాలు చల్లగా ఉంటుంది కానీ ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఆరుబయట నడవాలి, కాబట్టి అక్కడికి పొద్దున్నే వెళ్లాలి.

శుక్రవారం సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. సాలార్‌జంగ్, రాష్ట్ర మ్యూజియం, చౌమహల్లా, కుతుబ్‌షాహీ సమాధులు అన్నీ ఆ రోజు మూసే ఉంటాయి. ఒక శుక్రవారం అమ్మతో మ్యూజియం గేటు దాకా వెళ్లి, నిప్పుల ఎండలో తిరిగి వచ్చిన బాధ నాకింకా ఉంది. ఆ రోజుకు నౌబత్ పహాడ్ గుట్ట మీద 1985లో కట్టిన బిర్లా ప్లానిటోరియం, దాని పక్కన సైన్స్ మ్యూజియం మంచి ఆసరా. ప్లానిటోరియం చీకటి గుమ్మటం కింద వెనక్కి వాలి నక్షత్రాలు చూస్తున్న ఆ కాసేపూ ఎండ అన్న సంగతే గుర్తుండదు. సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు అవి. మన గోదావరి లోయ జంతువని చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. ఏ చోటికైనా బయలుదేరేముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మాల్స్ గురించి చెప్పేది కొంచెమే. చల్లగా ఉంటాయి, లోపలికి రావడానికి డబ్బు అడగరు, తాగునీరు, మరుగుదొడ్లు ఉంటాయి. ఉక్క రోజున, ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు అవే సరైన చోటు. అయితే లోపలి చలికీ బయటి వేడికీ తేడా ఎక్కువ. బయటికి వచ్చేముందు తలుపు దగ్గర అయిదు నిమిషాలు ఆగి, నీళ్లు తాగి రండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో మ్యాట్నీ మన ఊరి పాత వేసవి మార్గం. రెండున్నర ప్రాంతంలో లోపలికి వెళ్తే వేడి పతాక స్థాయి దాటాకే బయటికి వస్తారు.

అయిదో అడుగు: ఈ చోట్లను మెట్రో గీత మీద గుచ్చండి

చల్లటి చోట్ల మధ్య ప్రయాణంలోనే చాలామంది సొమ్మసిల్లుతారు. ఆటోలో మధ్యాహ్నం వచ్చే గాలి మొహానికి ఆవిరిలా కొడుతుంది. అందుకే నేను రోజును మెట్రో స్టేషన్ల ప్రకారం అల్లుకుంటాను. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు సాగే ఎర్ర లైను మన పనికి చాలా బాగుంటుంది. లక్డీకాపూల్ దిగితే నౌబత్ పహాడ్. అసెంబ్లీ లేదా నాంపల్లి దిగితే పబ్లిక్ గార్డెన్స్. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దిగితే అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం, నది దాటితే సాలార్‌జంగ్. ఎంజీబీఎస్‌లోనే ఆకుపచ్చ లైనుకు మారితే సుల్తాన్‌బజార్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరసగా వస్తాయి.

ఒక్క సంగతి గమనించండి. మన మెట్రో అంతా స్తంభాల మీద పైన నడిచేది, భూగర్భ స్టేషన్ ఒక్కటీ లేదు. చల్లగా ఉండేది రైలు పెట్టె మాత్రమే, ప్లాట్‌ఫారం కాదు. కాబట్టి స్టేషన్‌లో కాలక్షేపం చేయాలనుకోకండి. లోపల ఉండటానికి గడువు కూడా ఉంటుంది, అది దాటితే జరిమానా. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు లిఫ్టు ఏ వైపు ఉందో ముందే చూసుకోండి. ఎంజీబీఎస్ నుంచి సాలార్‌జంగ్‌కు మధ్యాహ్నం నడవవద్దు. మూసీ వంతెన మీద ఒక్క ఆకు నీడ ఉండదు. ఆ కొద్ది దూరానికి ఆటో ఎక్కడం దుబారా కాదు.

మహిళలకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. మా అమ్మ ఇప్పుడు వేసవిలో నన్ను అడగకుండానే గ్రంథాలయానికి వెళ్లివస్తుంది. తొమ్మిదిలోపు బస్సు ఎక్కి, అయిదు దాటాకే తిరుగు బస్సు ఎక్కాలన్నది మేమిద్దరం పెట్టుకున్న ఒప్పందం.

ఆరో అడుగు: దాహం వేయకముందే

లీటరు నీళ్ల సీసా, చిన్న తువ్వాలు, గొడుగు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. నల్ల గొడుగైనా సరే, గొడుగు లేనిదానికన్నా నయం. వేసవి రాగానే కూడళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. పచ్చి కొబ్బరాకుల పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు. కుండ మీద మూత, పొడవాటి కాడ ఉన్న గరిటె ఉన్నాయో లేదో చూసి తాగండి. గ్లాసులు ముంచి తీసే చోట వద్దు.

తాటి ముంజలు ఏప్రిల్, మే నెలల్లో రోడ్ల పక్కన కోసి అమ్ముతారు. నొక్కితే మెత్తగా ఉండి లోపల నీళ్లు కదలాలి. గట్టిపడిన ముంజ కడుపు నొప్పి తెస్తుంది. మీ ఎదురుగా కోసినవే తీసుకోండి. నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో పులియని తాటినీరా దొరుకుతుంది. మజ్జిగలో ఉప్పు, కాస్త అల్లం వేసుకుని సీసాలో తెచ్చుకుంటే వీటన్నిటికన్నా చవక. రోడ్డు పక్క ఐసు వేసిన రసాలు మాత్రం నేను ముట్టను, ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు.

వెళ్లకూడని చోట్లు, వెళ్లకూడని వేళలు

గోల్కొండ కోట నాకు ప్రాణం, కానీ మే నెల మధ్యాహ్నం అక్కడికి చుట్టాలను తీసుకెళ్లేవాళ్లను చూస్తే భయం వేస్తుంది. ఊరంతా గ్రానైట్ రాతి గుట్టల మీదే ఉంది. ఆ రాయి పొద్దంతా వేడిని పీల్చుకుని కింది నుంచి కూడా కాస్తుంది. కోట పైకొసన ఉన్న బాలాహిసార్ దాకా ఎక్కే మెట్ల మీద నీడ అక్కడొకటి ఇక్కడొకటి. తెరవగానే వెళ్లి పదిన్నరలోపు దిగిరావాలి. జంతుప్రదర్శనశాల కూడా అంతే. 380 ఎకరాలు నడవాలంటే పొద్దున్నే వెళ్లాలి, సోమవారం సెలవు. అద్దాల భవనాల ముందు ఫుట్‌పాత్, రేకుల షెడ్డు, ఆగి ఉన్న కారు, ఈ మూడూ చూడటానికి నీడలా ఉంటాయి కానీ కావు. ఆగి ఉన్న కారులో పిల్లల్ని "ఒక్క నిమిషం" కూడా వదలకండి. కిటికీ కొంచెం దించినా లోపలి వేడి తగ్గదు.

ఏడో అడుగు: సాయంత్రం నీటి వైపు, గుట్ట వైపు

అయిదున్నరకు బయటికి వస్తే ముందుగా ఒక మెట్ల బావి చూడండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. పూడిక తీసి, రాళ్లు సర్ది 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. మెట్లు దిగుతున్నకొద్దీ గాలి మారుతుంది. లోతున ఎండ తక్కువసేపు పడుతుంది, నేల చల్లదనం, నీటి ఆవిరి కలిసి అక్కడే నిలుస్తాయి. పూర్వం ఈ ఊరివాళ్లు వేసవిలో బావి మెట్ల మీద ఎందుకు కూర్చునేవారో అప్పుడు తెలుస్తుంది. పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోనూ బాగుచేసిన బావులున్నాయి. అక్కడ పొద్దున తెరవగానే వెళ్తే గుమ్మటాల లోపలి చల్లదనం కూడా దక్కుతుంది.

ట్యాంక్‌బండ్ మీదికి ఏడు దాటాకే వెళ్లండి. సూర్యుడు దిగిన వెంటనే వెళ్తే కట్ట మీది రోడ్డు, బండలు ఇంకా సెగ కక్కుతూనే ఉంటాయి, ట్రాఫిక్ వేడి దానికి తోడు. ఏడున్నరకు హుస్సేన్‌సాగర్ మీది గాలి తెలుస్తుంది. నీటి వాసన కొన్ని రోజులు భరించలేనట్టు ఉంటుందన్నది నిజం. అలాంటి రోజున నేను నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరానికి వెళ్తాను. చెప్పులు విడిచి నడవాలి కాబట్టి మధ్యాహ్నం ఎండలో పిల్లల పాదాలు కాలతాయి. ఏడింటికి ఆ పాలరాయి చల్లబడి ఉంటుంది, ఎత్తు మీద గాలి అడ్డం లేకుండా వస్తుంది. దేవుణ్ణి చూసుకుని మెట్ల మీద కూర్చుంటే ఊరంతా దీపాలతో కింద పరుచుకుని ఉంటుంది. వాహనం ఉన్నవాళ్లకు 1920లో కట్టిన గండిపేట చెరువు వైపు ఊరికన్నా కొంచెం చల్లగా ఉంటుంది, కాంక్రీటు తక్కువ కనుక.

ప్రాణం మీదికి వస్తే

తల తిరగడం, వికారం, కాళ్లు పీకడం, విపరీతంగా చెమట పట్టడం మొదలైతే అక్కడితో ప్రయాణం ఆపేయండి. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోగా మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీకి, గుండె జబ్బుకు మందులు వాడే పెద్దవాళ్లకు దాహం ఆలస్యంగా తెలుస్తుంది, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

చివరి అడుగు: ఇంటికి చేరాక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పక్షం రోజులూ నేను రాత్రి తొమ్మిదిలోపు ఇంటికి చేరను. వచ్చేసరికి గది ఇంకా వేడిగానే ఉంటుంది, బయటి గాలి అప్పటికి నయం. అందుకే ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి, బయటి గాలి ఒక కిటికీలోంచి వచ్చి రెండోదాంట్లోంచి పోయేలా టేబుల్ ఫ్యాను కిటికీ వైపు తిప్పి, గదిలోని గాలిని బయటికి తోస్తాను. మేడ మీద రెండు బకెట్ల నీళ్లు చల్లితే శ్లాబు వేడి గంటలో తగ్గుతుంది. నీళ్లు తక్కువగా ఉన్న వారం మానేసి, పాత గోనెసంచులు తడిపి పరుస్తాం. పొద్దున ఏడింటికల్లా కిటికీలు మూసి, పరదాలు దించి, సీసాలో మజ్జిగ పోసుకుని మళ్లీ బయలుదేరుతాం. ఇప్పుడు ఆ సీసా నింపేది అమ్మే, ఏ రోజు ఎక్కడికో చెప్పేది కూడా అమ్మే.